కింది వీధిలో నలభై ఒక్క ఇళ్లు

పదకొండేళ్లు గడపగడపకూ తిరిగి ప్రశ్నపత్రాలు నింపిన మనిషి కనుక తరగతిలో అందరూ ఆమెను సర్వే అక్క అనేవారు. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, తన కూతురి ఈడు పిల్లల పక్కన కూర్చుని, అంతర్జాతీయ అభివృద్ధి చదవడానికి విశ్వవిద్యాలయంలో చేరింది. తాను మోసిన కాగితాలు చివరికి ఎక్కడికి చేరతాయో తెలుసుకోవాలని ఆమె కోరిక. రెండో సెమిస్టర్‌లో తెలిసింది.

ఆ రోజు ప్రొఫెసర్ తెర మీద ఒక పట్టిక చూపించారు. ఆరోగ్య కార్యకర్త నెలనెలా తమ ఇంటికి వస్తోందని చెప్పిన కుటుంబాలు నూటికి తొంభై మూడు. పేదల పేటల్లో ఇంత చక్కగా నడిచిన పథకం అరుదని ఆయన వివరిస్తూ ఉంటే సర్వే అక్క పట్టిక కింద ఉన్న పేట పేరు చదివింది. అది తాను పుట్టిన పేట. ఆ జవాబులు తాను రాసినవే.

ఆ సర్వేలో పై వీధి ఇళ్లన్నీ ఆమె నిజంగానే తిరిగింది. మురుగుకాలువ అవతలి కింది వీధి వంతు వచ్చేసరికి ముసురు పట్టింది. గడువు మర్నాటితో సరి. పై వీధి జవాబులే దించెయ్యమని, అంతా ఒక్క పేటేనని సూపర్‌వైజర్ అన్నాడు. వరండాలో కూర్చుని నలభై ఒక్క ఇళ్లకు టిక్కులు పెట్టేసింది. కార్యకర్త కాలువ దాటి రావడం లేదన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. చెల్లెలి కాపురం ఆ వీధిలోనే. మరుసటి ఏడు, కాళ్లూ ఒళ్లూ ఉబ్బుతున్నా బీపీ చూసే దిక్కులేక, చెల్లెలికి కడుపులోనే బిడ్డ పోయింది. ఇప్పుడు మళ్లీ మూడో నెల. పెద్దాసుపత్రి రెండు బస్సుల దూరం. కింది వీధికి రెండో కార్యకర్తను వెయ్యమన్న అర్జీని ఆరోగ్య శాఖ ఆఫీసు ఈ పట్టిక చూపించే పక్కన పెట్టింది.

ఆమె ప్రొఫెసర్ గదికి వెళ్లి ఉన్నదున్నట్టు ఒప్పుకుంది. ఆయన కోప్పడలేదు. అసలు పత్రాలు ఉన్నాయా అని అడిగారు. ఎప్పుడో చింపేశారు. సూపర్‌వైజర్ ఒప్పుకుంటాడా అని అడిగారు. ఒప్పుకోడు.

"అప్పుడు అబద్ధం రాశానంటున్నావు. ఇప్పుడు చెప్పేది నిజమని దేన్ని చూసి నమ్మమంటావు? నీ మీద అనుమానం కాదమ్మా, రేపు ఆఫీసు అడిగేదీ ఇదే. వెళ్లి మళ్లీ అడుగు. సంతకాలు తీసుకో. అదే నీ థీసిస్ అవుతుంది."

న్యాయమైన మాటే. సర్వే అక్క కింది వీధి గుమ్మాలెక్కింది. మొదటి ఇంట్లో కార్యకర్త వస్తోందన్నారు. రెండో ఇంట్లోనూ అదే మాట, మూడో ఇంట్లోనూ అదే. చెల్లెలి ఇంటికి చేరేసరికి ఆమె ఓపిక చచ్చింది.

"ఎప్పుడొచ్చిందే? ఒక్క తేదీ చెప్పు."

"రాలేదు. అయినా వస్తోందనే రాసుకో."

"నీకేమైనా మతి పోయిందా?"

"పోయింది నీకు. మందులమ్మ అరిగిన మోకాళ్లతో ఆరు వీధులు తిరుగుతోంది. రావట్లేదంటే ఇంకో మనిషిని వేస్తారా? ఉన్న మనిషిని పీకేస్తారు. మొగుడు మంచాన పడ్డాడు, ఇంటెడుమంది ఆ జీతం మీదే. అంత పెద్ద చదువు చదువుతున్నావు, ఆ మాత్రం తట్టలేదా అక్కా?"

మందులమ్మ అంటే ఆ కార్యకర్తే. వీళ్ల చిన్నప్పటినుంచీ ఈ పేటలోనే ఉన్న మనిషి. ఆఫీసులు అంతపనీ చేస్తాయని సర్వే అక్క అనుభవమే చెబుతోంది. కాదని నిజం రాయడానికి కలం తన చేతిలోనే ఉంది. కానీ అదీ మరొకరి జవాబును తాను మార్చడమే.

ముప్ఫై తొమ్మిది ఇళ్లు వస్తోందన్నాయి. అలాగే రాసింది. తన పాత తప్పునూ, ఈ జవాబుల వెనక ఉన్న భయాన్నీ, ఎవరి ఊసూ ఎత్తకుండా, చివరి అధ్యాయంలో పెట్టింది. ప్రొఫెసర్ ఒక్క వాక్యమూ కొట్టెయ్యలేదు, మంచి మార్కులే వేసి, థీసిస్‌ను ఆఫీసుకు పంపారు. ఆఫీసు మాత్రం పట్టిక వరకే చదివింది. వేర్వేరుగా జరిగిన రెండు అధ్యయనాలు ఒకే ఫలితం ఇచ్చినందువల్ల రెండో పోస్టు అనవసరమని తేల్చి అర్జీని మూసేసింది.

ఆ కబురు చెప్పడానికి ఆమె ఫోన్ చేసింది. ఎనిమిదో నెలలో ఉన్న చెల్లెలు అంతా విని, మందులమ్మ ఉద్యోగానికి ఢోకా లేదు కదా అని అడిగింది. లేదంది అక్క.

"అయితే సరే" అంది చెల్లెలు. నాలుగు రోజులుగా కాళ్లకు చెప్పులు పట్టడం లేదని చెప్పి, ఫోన్ పెట్టేసింది.