కరుణశ్రీ కళ్లద్దాలు

ఆత్మకూరు బస్టాండులో "ఏంది సోడాబుడ్డీ, దోవ కనపడలేదా?" అన్న కండక్టరు చేత పదిమందిలో "తప్పయింది తల్లీ" అనిపించేదాకా కరుణశ్రీ బస్సును కదలనివ్వలేదు. ఎదురింటి హన్నమ్మ ఆ తగాదా కళ్లారా చూసింది. అంత నోరున్న పిల్ల, పోలీసు ఉద్యోగానికి పరుగులో ముందొచ్చి కూడా, కంటిపరీక్ష బోర్డుతో వాదించలేకపోయింది. ఈ ఏడు దాటితే వయసు మీరిపోతుంది. మద్రాసులో లేజరు చేయించుకుంటే అద్దాలు అక్కర్లేదట. వికటిస్తే ఉన్న చూపూ పోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. నెల నుంచి ఆమె అద్దాలు తీసి, గోడ తడుముకుంటూ వాకిలిదాకా నడిచి, మళ్లీ పెట్టుకుంటోంది.

"ఉండే కళ్లు పోగొట్టుకుంటావా, పిచ్చిదానా?" అంది ఈతచాప అల్లుతున్న హన్నమ్మ. కరుణశ్రీ అద్దాలు పక్కన పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, చాప అంచు పట్టుకుంది.

"సోమవారం పోతుండాను అవ్వా. ఈలోగా చూడకుండా అల్లేది నేర్పించు."