బెట్టకు పెట్టిన తోట

అబ్దుల్ సత్తార్ ప్రొద్దుటూరు జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో పత్తి నుసి అతని మీసాల మీద ఎంతగా పేరుకునేదంటే, సాయంత్రం ఇంటికి రాగానే భార్య మైమూన్ ఆ మీసాలు దులిపి దీపానికి ఒక వత్తి చేసుకునేదని వీధిలో చెప్పుకునేవారు. వత్తి మాట అబద్ధమే కావచ్చు. నుసి మాట మాత్రం నిజం. అది మీసాల దగ్గరే ఆగిపోలేదు, ఊపిరితిత్తుల్లో కూడా చోటు చూసుకుంది.

నలభై దాటిన ఏడు అతనికి దగ్గు పట్టుకుంది. జమ్మలమడుగులో కాపురముంటున్న కూతురిని చూడబోయినప్పుడు పనిలో పనిగా అక్కడి ఆసుపత్రిలో చూపించుకున్నాడు. డాక్టరు ఛాతీ మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. ఏం పని చేస్తావని అడిగాడు. మందు రాసిస్తాను గాని ఆ దుమ్ములోంచి బయటపడకపోతే మందు దండగని చెప్పాడు. సత్తార్ తల ఊపి బయటికొచ్చాడు. దుమ్ములోంచి బయటపడి ఏం చేయాలో డాక్టరు చెప్పలేదు.

అది పులివెందులలో తెలిసింది. ఒక పెద్ద రైతు తోటలో ఆయిలింజను మొరాయిస్తే బాగు చేయడానికి వెళ్లాడు సత్తార్. ఇంజను గంటలో దారికొచ్చింది. చేతులు తుడుచుకుంటూ తలెత్తి చూస్తే, చీనీ చెట్ల నీడలో నులకమంచం మీద ఆ రైతు కూర్చుని ఉన్నాడు. ఏమీ చేయడం లేదు. వక్క కూడా నమలడం లేదు. చెట్లు కాస్తున్నాయి, ఆయన కూర్చున్నాడు. చల్లగా బత్తాయి తొక్క వాసన. సత్తార్ గుండెనిండా గాలి పీల్చాడు, దగ్గు రాలేదు. మగవాడు యాభై ఏళ్లకు ముందే ఇలా కూర్చోగలిగితే అంతకంటే ఏం కావాలి అనుకున్నాడు.

మైమూన్‌కు పుట్టింటి వాటాగా వేంపల్లె దగ్గర రాతినేల కొంత, దానిలో ఒక బావి ఉన్నాయి. కర్నూలు రాజధాని అయిన ఏడు వానల్లో కోడూరు నుంచి అంటుమొక్కలు తెచ్చి ఆ నేలలో నాటారు. పక్క పొలంలో గొర్రెలు పెట్టుకున్న ఈశ్వరయ్య కాపలా ఒప్పుకున్నాడు. తన ఎద్దులతో కపిల తోలి, బావిలోంచి తోలుబానతో నీళ్లు తోడి మొక్కలకు పెట్టడం, ఎండాకాలంలో తన మందను తోటలోనే నిలిపి నేలకు ఎరువు పెట్టడం అతని వంతు. మొక్కలు ఎదిగేదాకా సాళ్ల మధ్య కొర్ర వేసుకుని గింజలు ఇంటికి తీసుకుపోవడం అతని హక్కు.

చీనీ ఆరేడేళ్లకు గాని సరిగ్గా కాపుకు రాదని ఈశ్వరయ్య మొదటి రోజే చెప్పాడు. సత్తార్ సరేనన్నాడు. ఆ సరే నెల కూడా నిలబడలేదు.

యంత్రాల దగ్గర అతనికున్న ఓపిక మిల్లంతటికీ తెలుసు. జిన్నుకు కొత్త బేరింగు వేస్తే మొదటి వారం దాన్ని ఎవరినీ గట్టిగా తిప్పనిచ్చేవాడు కాదు. షావుకారు వచ్చి మీద నిలబడినా, అది ఇంకా పసిబిడ్డ, నడక నేర్చుకోవాలి అని చెప్పి పంపేవాడు. ఆ ఓపికంతా మిల్లులోనే ఖర్చయిపోయి ఇంటికి ఒట్టి చేతులతో వచ్చేవాడు. మైమూన్ పలావుకు దమ్ము పెడితే, మూత మీద నిప్పులు వేసి ఆమె అటు తిరగ్గానే ఇతను మూతెత్తి చూసేవాడు. ఆవిరంతా పోయేది. వాళ్లింట్లో మెతుకు సరిగ్గా ఉడికిన పండగ లేదు. చివరికి ఆమె గరిటె పట్టుకుని గిన్నె పక్కనే కాపలా కూర్చోవడం మొదలుపెట్టింది.

తోటకు కాపలా కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. ఆదివారం వచ్చిందంటే అతను వేంపల్లె బస్సులో ఉండేవాడు. ఆ బస్సు ఎంత నిదానమంటే, ఒకసారి దారిలో ఎక్కిన మేక విసుగొచ్చి దిగి నడిచి ముందుగా ఊరు చేరిందట. సత్తార్ సీట్లో కూర్చుని, డ్రైవరు నొక్కినట్టు తను కూడా కాలితో నేల నొక్కేవాడు. తోట చేరగానే ఒక్కో మొక్కను జానతో కొలిచేవాడు. పోయిన ఆదివారం కంటే పెరగకపోతే ఈశ్వరయ్య మీద మండిపడేవాడు.

మిగతా ఆరు రోజులు మిల్లులో గడవాలి కదా. దానికి అతనికి దొరికిన మందు మాటలు. మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు తోట కబుర్లు మొదలయ్యేవి. మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడు నడుమెత్తు అనేవాడు. నడుమెత్తు వచ్చాక, నీడలో రెండు మంచాలు పడతాయి అనేవాడు. వినేవాళ్లకు కబుర్లు కావాలి, చెప్పేవాడికి మధ్యాహ్నం గడవాలి. అలా ఆ తోట వేంపల్లెలో ఒక లెక్కన, మిల్లులో మరో లెక్కన పెరిగింది. ఆయిల్ పోసే హబీబుల్లా అతనికి నవాబుసాబ్ అని పేరు పెట్టాడు.

"నవాబుసాబ్, తోట యాడిదాకా వచ్చింది? రాజధాని గూడా కర్నూల్లో ఉండలేక హైదరాబాదుకు లేసిపాయ. మీ చెట్టు మాత్రం ఒక పిందన్నా ఎయ్యకపాయ."

అందరూ నవ్వారు. సత్తార్ కూడా నవ్వాడు గాని, మిగిలిన సంగటికి మూతపెట్టేసి లేచాడు.

ఆ మరుసటి చలికాలం చివర కొన్ని చెట్లు అక్కడక్కడా పూశాయి. సత్తార్ ఆదివారం వెళ్లేసరికి ఈశ్వరయ్య భార్య తిరుపాలమ్మ పూలు గిల్లి నేల మీద పడేస్తోంది. లేతచెట్టు తొలి పూత ఉంచితే చెట్టు గిడసబారుతుందని అక్కడందరూ చేసే పనే అది. అతనికీ చెప్పిన పనే. అయినా కళ్లముందు చూసేసరికి ఆగలేక, కడుపులో బిడ్డను తీస్తాండావు గదమ్మా అని ఆమె మీద అరిచాడు. ఆమె చేయి దులుపుకుని గొర్రెల వైపు వెళ్లిపోయింది. రాలిన పూలు రుమాల్లో మూటగట్టుకుని సోమవారం మిల్లులో విప్పి చూపించాడు. అప్పటికి వాడి గోధుమరంగుకు తిరిగాయి. హబీబుల్లా వాసన చూసి, దర్గాలో ఎత్తి పారేసిన పూలు మాదిరుండాయే అన్నాడు.

ఆ ఏడాదంతా దగ్గు పెరిగింది. మెట్లెక్కితే మధ్యలో ఆగి, గోడ చూస్తున్నట్టు నటించేవాడు. తనలో ఏదో అయిపోతోందని, తోట కంటే తను ముందు ఎండిపోతాడేమోనని భయం పట్టుకుంది. ఆ భయం మైమూన్‌తో కూడా చెప్పలేదు.

పులివెందుల ఇంజను మళ్లీ చెడింది. మళ్లీ వెళ్లాడు. ఈసారి ఆ తోటలో చెట్లు ఆకులు వేలాడేసుకుని, రోగమొచ్చినట్టు ఉన్నాయి. అడిగితే బెట్టకు పెట్టామన్నారు. ముదురు చెట్లకు చలికాలంలో నెలకు పైగా నీళ్లు ఆపేస్తారు. మొదలు చుట్టూ మట్టి తవ్వి వేళ్లకు ఎండ తగిలేలా చేస్తారు. చెట్టు ఇక చచ్చిపోతాననుకుంటుంది. అప్పుడు ఎరువు వేసి నీళ్లు పెడితే, పోయేలోగా కాయలు వదిలిపోవాలన్నట్టు కొమ్మకొమ్మకూ పూస్తుంది. కుదురైన చెట్టు కాబట్టి తట్టుకుంటుంది. ఈ చివరి మాట కూడా వాళ్లు సత్తార్‌కు చెప్పారు. అది ఇంజను చప్పుడులో పోయిందని తర్వాత అతను అనేవాడు. ఇంజను అప్పటికి ఆగి ఉంది.

ఆ ఆదివారమే తన తోటకు వెళ్లి నీళ్లు ఆపేయమన్నాడు. ఈశ్వరయ్య కపిల మోకు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏందప్పా సత్తారూ, ఇంగా పసిచెట్లు. ఇంగ రెండేండ్లు పోనీ. నేనే పెడ్తా బెట్టకు."

"రెండేండ్లకు నేనుంటే గదా."

"అట్లనగాకప్పా."

"నువ్వు నీళ్లు ఆపుతావా, నన్ను ఆపమంటావా?"

తోట నీది, నీ ఇష్టం అని ఈశ్వరయ్య ఎద్దులను విప్పి తోలుకుపోయాడు. నిజానికి తోట మైమూన్‌ది. ఇంటికొచ్చి ఆమెకు చెప్పాడు. మిల్లులో కొత్త బేరింగుకు చెప్పే మాట నా చెట్లకు వర్తించదా అని అడిగింది. సత్తార్ దగ్గాడు. నిజంగా వచ్చిన దగ్గో, తెచ్చుకున్న దగ్గో అతనికే తెలియదు. ఆ దగ్గు విని ఆమె లేచి వేడినీళ్లు కాచి తెచ్చింది. ఆ ఒక్క రోజు గరిటె పట్టుకుని అడ్డం కూర్చోనందుకు తర్వాత ఎంతోకాలం తనను తానే తిట్టుకుంది.

నెల దాటాక ఎరువు వేసి మళ్లీ నీళ్లు పెట్టిన కొద్ది రోజులకే తోట పూసింది. అలాంటి పూత ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. ఆకు కనపడలేదు. ఇడుపులపాయ కొండల మీది తేనెటీగలన్నీ దిగొచ్చాయని, ఆ వారం పాటు తోటలో మాట వినపడాలంటే చెవిలో అరవాల్సి వచ్చేదని సత్తార్ మిల్లులో చెప్పాడు. ఈసారి నమ్మకపోతే వచ్చి చూడమన్నాడు. మిల్లువాళ్లు వేంపల్లె బస్సెక్కి వచ్చారు. చెట్ల మధ్య పలావు వండించాడు. హబీబుల్లా తెల్లటి కొమ్మల కింద నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"నిజమే చెప్పినావు మామా," అన్నాడు నిదానంగా. "మేమే నమ్మకపోతిమి."

ఆ మామా అన్న పిలుపు కోసం సత్తార్ ఇన్నేళ్లూ ఎదురు చూశాడేమో. మరుసటి రోజే షావుకారు ముందు స్పానర్ల సంచి పెట్టేశాడు. కాయ కోసేదాకా ఆగమని షావుకారే అన్నాడు. గేటు దగ్గర పదిమంది నిలబడి చూస్తున్నారు. వాళ్ల ముందు వెనక్కి తిరగడం ఎలా? స్పానర్లు హబీబుల్లా చేతికిచ్చి, కొత్త బేరింగును మాత్రం తొందరపెట్టొద్దురా అని చెప్పి బయటికి నడిచాడు.

ఆ తర్వాతి మూడు నెలలు అతని జన్మ మొత్తానికి దొరికిన సెలవు. తోటలో గుడిసె వేసుకున్నారు. నులకమంచం వేసుకుని కూర్చున్నాడు, పులివెందుల రైతు కూర్చున్నట్టే. దగ్గు సగానికి తగ్గింది. పిందెలు గోలీలంతయ్యాయి. కొమ్మలు పట్టలేక వంగితే వెదురుబద్దలు ఊతం పెట్టాడు. సగం పిందెలు దులిపేస్తే చెట్టు తేరుకుంటుందని ఈసారి మైమూనే చెప్పింది. ఈశ్వరయ్య చెప్పడం మానేశాడు. ఒక్క పిందె ముట్టుకున్నా ఊరుకోనని సత్తార్ కర్ర పట్టుకుని తోటంతా తిరిగాడు. పాపం, తన భార్య నుంచి తన చెట్లను కాపాడుకున్నాడు.

ఎండలు ముదిరాక బావి అడుగంటింది. కపిల బాన పైకొస్తే సగం బురద. చెట్లు పిందెలకు పాలిచ్చి పాలిచ్చి పీల్చుకుపోయిన తల్లుల్లా ఉన్నాయి. మొదట ఆకు పసుపుకు తిరిగింది. తర్వాత కొమ్మలు కొసల నుంచి కిందికి ఎండడం మొదలైంది. పెరగని కాయలు గట్టిగా, పచ్చిగా రాలాయి. వాటిని ఈశ్వరయ్య గొర్రెలు కూడా వాసన చూసి వదిలేశాయి. సత్తార్ బిందెలతో వాగువంకలో మిగిలిన నీళ్లు మోసి, మిట్టమధ్యాహ్నం మొదళ్లలో పోశాడు. మళ్లీ దగ్గు వచ్చింది. వానలు పడేసరికి బతికిన చెట్టేదైనా ఉందేమోనని గోటితో బెరడు గీకుతూ సాళ్లన్నీ తిరిగాడు. కొన్నిటికి మొదట్లో పచ్చదనం ఉంది. పైన ఏమీ లేదు.

తిరుపాలమ్మ అటుగా వచ్చి చూసింది. ఒక మాట అంటుందని, అంటే బాగుండునని అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె తాగడానికి మజ్జిగ ఇచ్చి వెళ్లిపోయింది.

ప్రొద్దుటూరుకు తిరిగి వచ్చారు. ఫిట్టరు పని హబీబుల్లా చేస్తున్నాడు, బాగానే చేస్తున్నాడు. అతన్ని తీసేసి నిన్నెలా పెట్టుకోనని షావుకారు నెమ్మదిగానే అడిగాడు. జాలిపడి చోటు మాత్రం చూపించాడు. జిన్నుల నుంచి ఊడిపడే దూదిని తొక్కి బస్తాల్లో కూరే గది అది. కిటికీ లేదు, తెరిస్తే దూది ఎగిరిపోతుంది. మిల్లులో నుసి అంతా చివరికి చేరేది అక్కడికే. ఫిట్టరుగా ఉన్నప్పుడు ఆ గదిలోకి వెళ్లాల్సి వస్తే సత్తార్ మూతికి గుడ్డ కట్టుకుని వెళ్లేవాడు.

మధ్యాహ్నం సంగటి తినేచోట ఇప్పుడు తోట ఊసు ఎవరూ ఎత్తడం లేదు. నవాబుసాబ్ అనే పేరు కూడా పోయింది. హబీబుల్లా తన గిన్నెలోంచి కూర తీసి అతని ముద్ద పక్కన పెడుతున్నాడు. వాడు ఒక్కసారి వెక్కిరిస్తే తిట్టి తేలికపడదామని సత్తార్ రోజూ ఎదురు చూశాడు. వాడు వెక్కిరించలేదు.

రంజాన్ పండగకు ఈశ్వరయ్య బండి కట్టుకుని ప్రొద్దుటూరు వచ్చాడు. చీనీ చెట్లు నరికి కట్టెలు చేసి, వరసగా పేర్చి తెచ్చాడు. తోట తాలూకు దిగుబడి అదే. పలకరించి, పెట్టిన సేమియా తిని, తోట మాట ఎత్తకుండానే బండి తోలుకుపోయాడు.

మైమూన్ ఆ కట్టెలతోనే పొయ్యి వెలిగించింది. ఎండిన కట్టె చిటపటమంటూ తొందరగా మండింది, పొగలో ఎక్కడో సన్నగా తొక్క వాసన. పలావుకు దమ్ము పెట్టి, మూత మీద నిప్పులు వేసి, అలవాటు కొద్దీ గరిటె పట్టుకుని గిన్నె పక్కన కూర్చుంది. సత్తార్ ఎదురుగా గోడకానుకుని కూర్చున్నాడు. అతని కళ్లు పొయ్యి మీద ఉన్నాయి, చేతులు ఒళ్లో ఉన్నాయి. కదలడం లేదు. ఆమెకు అది చూడబుద్ధి కాలేదు. గరిటె పక్కన పెట్టి, ఇంకా సమయం కాకపోయినా, మూత తీసి చూడు అని తనే చెప్పింది.

అతను దగ్గి, గుక్క తిప్పుకున్నాడు.

"ఉండనీలే," అన్నాడు. "తొందరేముండాది."