ఆదివారం దాకా చెప్పొద్దన్నారు

డబ్లిన్ శివార్లలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో హెల్త్‌కేర్ కోర్సుకు పాఠాలు చెబుతాను. ఏటా కొందరిని మూడు వారాల శిక్షణకు పోర్చుగల్ పంపే పని కూడా నాదే. పంపడమంటే ముందు ఒప్పించాలి. యూనివర్సిటీ పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు. మా దగ్గరికొచ్చేవాళ్లు మాత్రం విదేశంలో చదువు తమలాంటివాళ్లకు కాదనుకుంటారు. నాదేమో ఉడుంపట్టు. పోస్టర్లు అంటించి, ఇళ్లకు ఫోన్లు చేసి, తల్లుల్ని బతిమాలి మరీ పంపేదాన్ని.

ఒక ఏడాది క్లాసులో ఆడమ్స్‌టౌన్ నుంచి వచ్చే తెలుగమ్మాయి ఒకతె ఉండేది. తల్లి నర్సు, డ్యూటీల మధ్య పిల్లను పెంచింది అమ్మమ్మే. ఆవిణ్ణి వదిలి వెళ్లనని మొండికేసింది. "మూడు వారాలే కదమ్మా, ఆవిడెక్కడికి పోతారు" అన్నది నేనే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

రెండో వారం చివర్లో ఆ పెద్దావిడ గుండెపోటుతో పోయారు. అమ్మాయి తల్లి నాకు ఫోన్ చేసింది.

"పిల్లకి ఇప్పుడే చెప్పొద్దండి మేడమ్. ట్రైనింగ్ మధ్యలో వదిలేసి వచ్చేస్తది. గురువారం అమ్మని పెట్టెలో ఇండియా పంపిస్తున్నాం. ఆదివారం ఎట్టాగూ వస్తది కదా, అప్పుడు మేమే చెప్పుకుంటాం."

సరేనన్నాను. మన ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. నా డిగ్రీ పరీక్షలప్పుడు తాతయ్య పోతే, ఆఖరి పరీక్ష రాసి వచ్చాకే చెప్పారు. అది ప్రేమేననుకుంటూ పెరిగాను. ఈ సంగతి విని నా ఐరిష్ సహోద్యోగి చేతిలోని టీ కప్పు కింద పెట్టేసింది. ఇక్కడ చావు కబురు ఊరి రేడియోలో చదువుతారు; ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు కూడా రెక్కలు కట్టుకుని వాలతారు. "పోర్చుగల్ మూడు గంటల ప్రయాణమే కదా" అంది. నాకు కోపమొచ్చింది. మా సంగతులు నీకేం తెలుసులే అనుకున్నాను.

మంగళవారం ఫోన్‌లో అమ్మాయి అడిగింది. "అమ్మమ్మ వీడియో కాల్‌కి రావట్లేదు మిస్. ఈజ్ షీ ఓకే?"

"గ్రాండ్‌గా, బాగానే ఉన్నారమ్మా. కాస్త జలుబట, పడుకున్నారు."

జలుబని చెప్పమని నాకెవరూ చెప్పలేదు. అది నా సొంత కల్పన. బుధవారం మళ్లీ చేసి, తగ్గిందా అని అడిగింది. తగ్గిందన్నాను. గురువారం పెట్టె వెళ్లిపోయింది.

ఆదివారం ఆమె అమ్మమ్మకోసం ఉన్ని శాలువా కొనుక్కుని దిగింది. జలుబన్నారు కదా అని కొన్నదట. తల్లే తర్వాత నాకు చెప్పి ఏడ్చింది.

అమ్మాయి నాతో గొడవపడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. రోజూ క్లాసుకొచ్చింది, మంచి మార్కులతో పాసయింది. నాకు మాత్రం పాఠం చెబుతుంటే, బస్సు కోసం నిలబడితే, "తగ్గిందా?" అన్న ఆ గొంతు వినబడుతూనే ఉంది. అబద్ధం ఆడింది ఆమె మంచికే అని సర్దిచెప్పుకోవాలని చూశాను. కుదరలేదు. పోయినావిడ ముఖం చివరిసారి చూసుకునే హక్కు నేను తీసేసుకున్నాను, అంతే.

మరుసటి ఏడు కొత్త క్లాసుకు పోర్చుగల్ గురించి చెప్పే రోజున, వెళ్లొచ్చినవాళ్లెవరైనా మాట్లాడితే బాగుంటుందని అడిగాను. ఆ అమ్మాయి తనంతట తనే వచ్చింది. అక్కడి వృద్ధాశ్రమంలో నేర్చుకున్న పని గురించి చక్కగా చెప్పింది. తప్పకుండా వెళ్లమంది. చివర్లో వెనక వరసలోంచి కొత్తగా చేరిన విద్యార్థిని, ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ లేచింది.

"మేం అక్కడున్నప్పుడు ఇంట్లో ఏమన్నా అయితే, మాకు నిజం చెబుతారా?"

అమ్మాయి మైకు తెచ్చి నా చేతిలో పెట్టి, అందరితోపాటు నా మొహంలోకి చూస్తూ నిలబడింది.