గోధుమ వెయ్యని బీరు

మా ఇంట్లో బీరు కాచేది నేనొక్కదాన్నే. సలహాలిచ్చేది ఇంటిల్లిపాదీ. అమ్మ చుక్క నోట పెట్టదు, అయినా గింజల సంగతి తనకే తెలుసంటుంది. అన్న ఉండేది మా వెనక వీధిలోనే. ఫోన్లో చూసిన కొత్త రకం మాల్ట్ పేరొకటి పట్టుకుని ఆదివారం పొద్దున్నే మోటార్‌సైకిల్ మీద దిగుతాడు. వీళ్లిద్దరి మధ్య బీరు కాచడం కంటే ఫ్యాక్టరీలో వరసగా రెండు షిఫ్టులు నిలబడటం నయం.

నేను కాచేది లేత రంగు బీరు, పేల్ ఏల్. హాప్స్ అనే ఎండు పూలు అందులో దండిగా వేస్తాను. సీసా మూత తీస్తే పంపరపనస తొక్క గిల్లినట్టు గుప్పుమనాలి. ఆ వాసనకి అడ్డం రాకుండా గింజ అడుగున బుద్ధిగా పడుండాలి. అంటే మాల్ట్, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, ఒక్క రకం చాలు. మొదటిసారి కాచినప్పుడు నాకీ సంగతి తెలియదు. కొట్లో ఆ రోజు ఒక్క రకమే ఉందని అదే తెచ్చాను. దాన్ని నాన్న తాగాడు. నల్లటి స్టౌట్ బీరు తప్ప జీవితంలో ఇంకోటి ముట్టని మనిషి, ఖాళీ గ్లాసు నా ముందుకి జరిపి, "బాగానే ఉందే, ఇంకొంచెం ఎయ్యి" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడమే అరుదు. ఆ ఏడే పోయాడు.

పోయినవాళ్లకి మేం ఏటా తిథినాడు విస్తరి వేస్తాం. వాళ్లకిష్టమైనవన్నీ వండి, తాగే అలవాటుంటే అదీ పోసి, ఫొటో ముందు పెట్టి, తలుపు దగ్గరగా వేసి బయట కూర్చుంటాం. వాళ్లు వచ్చి తిని వెళ్లుంటారనుకున్నాక తలుపు తీస్తాం. నాన్న విస్తరి పక్కన నా బీరు ఉండాలని నా పట్టుదల. ఆయన అడిగి పోయించుకున్నది మరి!

మొదటి ఏడు కాచబోతుంటే అమ్మ వచ్చి, "ఎన్ని రకాల గింజలే?" అంది.

"ఒక్కటే."

"పెద్దోలకి ఒక్క రకం ఎడతారేటే? ఒక్క కూరే వొండి ఇస్తరేస్తామా? ఎవులైనా ఇంటే పిసినారి పిల్లంటారు!"

"అమ్మ సెప్పింది రైటేలే," అని అన్న అందుకున్నాడు. రంగుకి ఒక మాల్ట్, తీపికి ఒకటి, చిక్కదనానికి ఓట్స్, నురుగు నిలవడానికి గోధుమ. ఎంత చెప్పినా వినరే! విస్తరి మీద కూరలు పక్కపక్కన ఉంటాయి, గిన్నెలో గింజలు ఒకదాని మీద ఒకటి పడతాయి అని మొత్తుకున్నాను. పుణ్యకార్యానికి అడ్డు చెబుతానా అని ఇద్దరూ నా నోరు మూయించారు. తీరా చూస్తే అది బురద రంగులో, బెల్లం పానకంలా తయారైంది. హాప్స్ వాసన ఏ మూలా లేదు. అమ్మ మూతి తిప్పుకుని, "ఇది మీ అయ్యకి నానెట్టను," అని అన్నని కొట్టుకి పంపి స్టౌట్ తెప్పించింది. అన్నీ వేయించింది వాళ్లు, తప్పు మాత్రం నా చేతిదట. నాకు ఒళ్లు మండిపోయింది.

అందుకే ఈ ఏడు ఒక్క మాల్టే తెచ్చాను. అన్న ఊరుకుంటేనా! గోధుమ పొట్లంతో దిగాడు. "ఇదొక్కటీ ఎయ్యవే. లేపోతే నురుగు కాసేపట్లో దిగిపోద్ది."

"దిగితే దిగనీ."

"అన్న సెప్తన్నాడు కదే, రెండు రకాలైనా అవుతాది," అంది అమ్మ.

"అమ్మా, నువ్వు ఎన్ని కూరలు కావాలంటే అన్ని వొండుకో. నా గిన్నెలో మాత్రం ఏలెట్టకు!" అని వంటింటి తలుపు గడియ పెట్టుకున్నాను. అన్న కిటికీలోంచి కూడా పొట్లం ఆడించాడు. ఆ గోధుమ చివరికి అమ్మ కోళ్లు తిన్నాయి.

తిథినాడు చూద్దును కదా, ఫ్రిజ్‌లో మళ్లీ స్టౌట్ సీసా. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అదెందుకమ్మా?"

"నీది పోస్తాను లేవే. మీ అయ్య ముట్టకపోతే అప్పుడు అదెడతాను."

నాన్న గ్లాసులో అంచు దాకా నా బీరు పోసింది. పైన తెల్లటి నురుగు కిరీటంలా నిలిచింది. తలుపు వేసి వసారాలో కూర్చున్నాం. గోధుమ వేసి ఉంటే ఎంత బాగుండేదో అన్న చెబుతూనే ఉన్నాడు. ఈ ఒక్క రోజన్నా ఊరుకోమన్నాను.

తలుపు తీశాం. అమ్మ ముందు నడిచింది. గ్లాసు దగ్గర ఆగిపోయింది. నురుగంతా దిగిపోయి, లేత పసుపు బీరు అంచుకి బాగా కిందికి నిలిచి ఉంది.

"తాగినాడే!" అంది అమ్మ. "సూడు, ఇంత తాగినాడు. నువ్వు సేసినదే తాగినాడు."

అన్న నోరు తెరిచాడు. "అది కాదమ్మా, గోధుమ..."

వాడి కాలు గట్టిగా తొక్కాను.

"గోధుమేటిరా?"

అన్న నా మొహం చూశాడు. నా కళ్లు అప్పటికే కారుతున్నాయి. "ఏటీ నేదమ్మా," అన్నాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సలహా మింగి.

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, గ్లాసు నా వైపు జరిపింది.

"అలా నిలబడతావేటే? ఇంకొంచెం ఎయ్యి."