ఎండను దిమ్మ కట్టబోయిన హనోకు

సూర్యుణ్ణి పెనంలోకి వంచుకుని, పాకం పట్టి, అనకాపల్లిలో వీధి వీధికీ కరెంటు పంచిపెట్టి, పంచిపెట్టినందుకు మళ్ళీ తనే బిల్లు కట్టుకున్న మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. పేరు హనోకు. ఉండేది గవరపాలెంలో, రెండో అంతస్తు అద్దె వాటాలో. ఆ మే నెలలో మిట్టమధ్యాహ్నం వీధి దీపాలు వాటంతటవే వెలిగాయనీ, రైల్వే స్టేషన్లో ఎవరూ స్విచ్చి వెయ్యకుండానే ఫ్యాన్లు గిర్రున తిరిగి ప్యాసింజర్ల టోపీలు తుని దాకా ఎగిరిపోయాయనీ చెప్పేవాళ్ళున్నారు. టోపీల సంగతి ఎవరిష్టం వాళ్ళది. బిల్లు కట్టిన మాట మాత్రం బైబిలు మీద చెయ్యేసి చెప్పొచ్చు.

హనోకు సొంతూరు తుమ్మపాల. పద్నాలుగో ఏట బెల్లం వండే గానుగ దగ్గర చెరకు పిప్పి ఎండబెట్టే పనిలో చేరాడు. పాతికేళ్ళు వచ్చేసరికి పెనం దగ్గర పెద్ద గరిటె అతని చేతికొచ్చింది. పాకం ముదిరిందో లేదో తెలుసుకోవాలంటే మిగతావాళ్ళు ఓ చుక్క నీళ్ళలో వేసి ఉండ చుట్టి చూస్తారు. హనోకు మాత్రం పొయ్యికి వీపు పెట్టి నిలబడి, బుడగలు పగిలే చప్పుడు విని “దింపండి” అనేవాడట. ఓసారి నిద్రలోనే “దింపండి” అన్నాడనీ, పక్కూరి గానుగలో పెనం దింపారనీ, ఆ బెల్లం దిమ్మలకి మార్కెట్లో ఆ రోజు పెద్ద ధర పలికిందనీ చెప్పుకుంటారు.

అతని గానుగలో ఒకటే కట్టుబాటు. రసం పెనంలో పడ్డాక, అది దిమ్మ కట్టే దాకా ఎవడూ అందులో గరిటె ముంచి తాగకూడదు. తాగితే మిగిలేదేటి? ఇంకో కట్టుబాటు బెల్లం వంటవాళ్ళందరిదీ. పాకం చెడితే తప్పు పొయ్యిదని, చెరకుదని అనడానికి లేదు. ఆ వంట మీద వచ్చే కూలి వంటవాడు వదులుకోవాలి. ముప్పై ఏళ్ళలో హనోకు అలా వదులుకున్నది రెండేసార్లు. ఆ రెండుసార్లూ ఎవరితోనూ గొడవ పడలేదు.

అతని భార్య రోజలిన్ ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. అంతకుముందు పొద్దున్నే గిన్నె పట్టుకుని గడప గడపా తిరిగేది. పదయ్యేసరికి మిగిలిన పిండి నురగలు కక్కి పుల్లబడిపోయేది. నిరుడు పాత ఫ్రిజ్జొకటి కొనుక్కుంది. అప్పట్నుంచి పన్నెండిళ్ళ వాళ్ళు సాయంత్రం దాకా మెట్లెక్కి ఆవిడ దగ్గరికే రావడం మొదలుపెట్టారు. మోకాళ్ళకి కాస్త సుఖం దొరికింది. మనిషిలో కాస్త ధీమా కూడా వచ్చింది.

హనోకుకి మాత్రం ఆ ఫ్రిజ్జంటే గిట్టదు. ఎనభై యూనిట్లు దాటని మీటరు నూట నలభైకి పోయింది. “ఇల్లరికం అల్లుడిలాగ మూల కూకుని తింతాది, పైగా రాత్రంతా గురక పెడతాది. దీన్ని కశింకోటలో మా అక్కకిచ్చేద్దాం” అన్నాడు.

“ఇచ్చీ. దాంతోపాటు నన్నూ ఇచ్చీ. మళ్ళీ గిన్నెట్టుకుని తిరగలేను” అంది రోజలిన్.

ఈ తగువు మధ్యలోకి రోజలిన్ తమ్ముడు దేవప్రసాద్ వచ్చాడు. విశాఖలో ఇళ్ళ మీద సోలార్ పలకలు బిగించే పని అతనిది. ఎక్కడో విప్పిన రెండు పాత పలకల్ని ఆటోలో వేసుకొచ్చి, పడమటి వైపు బాల్కనీ గ్రిల్లుకి నిలువునా కట్టాడు. వాటి వెనక ఓ చిన్న పెట్టె బిగించి, దాని తీగని తీసుకెళ్ళి వంటింటి ప్లగ్గులో గుచ్చాడు.

“అయిపోయింది బావా. ఎండ కాసినంతసేపూ కరెంటొత్తాది. ఒకటి గుర్తెట్టుకో. పగలు తయారైంది పగలే వాడీయాలి” అన్నాడు, రైలు టైమైపోతోందని మెట్లు దిగుతూనే.

హనోకు నవ్వుకున్నాడు. కుర్రాడు ఎప్పుడైనా పెనం దగ్గర నిలబడ్డాడా? పగలే వాడేసుకుంటే ఇంక మిగిలేదేమిటి, దిమ్మ కట్టేదేమిటి?

“ఓలే, నెల్రోజులు సూద్దాం. మీటరు తగ్గిందా, నీ ఫ్రిజ్జు ఉంటాది. తగ్గలేదా, కశింకోట పోతాది. మాటంటే మాటే” అన్నాడు భార్యతో. రోజలిన్ కాసేపు పలకల వంకా, కాసేపు ఫ్రిజ్జు వంకా చూసి తలూపింది.

మర్నాటి నుంచి హనోకు గానుగ కట్టుబాటు ఇంట్లోకొచ్చింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా ఎవరూ స్విచ్చి ముట్టుకోకూడదు. ఫ్యాను లేదు, టీవీ లేదు. ఫ్రిజ్జు ప్లగ్గు కూడా తనే స్వయంగా పీకేసేవాడు. చెరకు సీజను అయిపోవడంతో పగలంతా ఇంట్లోనే కాపలా.

“ఉడికి సత్తన్నాం కదయ్యా! ఇదేటి సేత్తన్నావు?” అనేది రోజలిన్, కొంగుతో విసురుకుంటూ.

“ఊరనీయే. తీగల్లో ఊరతంది. రేత్తిరికి అదే వాడుకుందాం.”

“తీగల్లో ఊరతాదేటి, అదేమైనా పిండా?”

పిండి మాత్రం బ్రహ్మాండంగా ఊరింది. మూడింటికల్లా మూత తోసుకుని ఫ్రిజ్జులోంచి బయటికి తొంగిచూసేది. వారం తిరిగేసరికి పన్నెండిళ్ళలో నాలుగిళ్ళ వాళ్ళు రావడం మానేశారు. రోజలిన్ పుల్లబడ్డ పిండితో రోజూ అట్లు పోసి మొగుడి ముందు పెట్టేది. ఆ పుల్లదనానికి హనోకు పళ్ళు ఎంత జివ్వుమన్నాయంటే, చర్చిలో పాట పాడుతుంటే ఈలలు వచ్చాయట.

రెండో వారంలో ఓ మధ్యాహ్నం వీధంతా కరెంటు పోయింది. హనోకు ఛాతీ విరుచుకుని లేచాడు. వీధిలో వాళ్ళంతా విసనకర్రలు పట్టుకుని బయటికొస్తుంటే, తన ఇంట్లో మాత్రం ఫ్యాను తిరగాలని స్విచ్చి వేశాడు. తిరగలేదు. బాల్కనీలోకి వెళ్ళి చూశాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. పలకలు చెయ్యి పెడితే కాలేలా ఉన్నాయి. మళ్ళీ లోపలికొచ్చి స్విచ్చి వేశాడు. ఫ్యాను కదల్లేదు. ఎండ ఉంది, పలక ఉంది, తీగ ఉంది, కరెంటు లేదు. కాసేపటికి వీధిలో కరెంటొచ్చింది, ఇంట్లో ఫ్యానూ తిరిగింది. పొయ్యి మండుతూనే ఉండగా పక్కవాడి పొయ్యి ఆరిందని తన పెనం చల్లారిపోవడం హనోకు ఎక్కడా చూడలేదు. దేవప్రసాద్‌కి ఫోన్ చేశాడు. “పని మీదున్నాను బావా” అని పెట్టేశాడు.

అంతకంటే పెద్ద చిక్కు మెట్ల కింద మీటరు దగ్గర ఎదురైంది. ఆ మీటర్లో కరెంటు వాడుతున్నంతసేపూ ఓ ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటుంది. ఎక్కువ వాడితే త్వరత్వరగా, తక్కువ వాడితే తాపీగా. మూడో వారంలో ఓ రోజు ఇంట్లో అన్నీ ఆపి, కిందికి దిగి చూశాడు. దీపం మిణుకుతోంది! నడినెత్తి ఎండలో దొంగ కన్నుకొట్టినట్టు కొడుతోంది.

ఎవరో తన తీగకి కొక్కెం తగిలించారు. ఎవరై ఉంటారు? కింద వాటాలో ఉండే పైడితల్లి! ముప్పై ఐదేళ్ళు లైన్‌మన్‌గా స్తంభాలెక్కి రిటైరైన మనిషి, అతనికి కాకపోతే ఎవరికి చేతనవుతుంది?

“మావా, ఓ మాట. నీ ఫ్యాను ఎవరి మీటరు మీద తిరుగుతంది?” అన్నాడు గుమ్మంలో నిలబడి.

పైడితల్లి పేపరు కిందపెట్టాడు. “ఏట్రా అల్లుడూ, దొంగంటన్నావా నన్ను?” అని లేచి, తన ఇంటి మెయిన్ ఠక్కున ఆపేశాడు. “సూసుకో.”

హనోకు వెళ్ళి చూసుకున్నాడు. తన మీటరు దీపం మిణుకుతూనే ఉంది. తిరిగొచ్చి తలదించుకుని నిలబడ్డాడు. పైడితల్లి చెమటలు కక్కుతూ మెయిన్ వేసుకుని తలుపు వేసేశాడు. ఆ తర్వాత నాలుగు రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

ఆ నాలుగు రోజులూ హనోకు మనసు మనసులో లేదు. మీటరు ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. పొద్దున దీపం తాపీగా కొట్టేది. ఎండ పడమటికి వాలి పలకల మీద పడే కొద్దీ జోరందుకునేది. మబ్బు పట్టిందా, నీరసించేది. అన్నిటికంటే వింత ఒకటుంది. రోజలిన్ అతని కన్నుగప్పి ఫ్రిజ్జు వేసిన రోజున దీపం జోరు తగ్గింది! పైకి పరిగెత్తి ప్లగ్గు పీకి కిందికొస్తే మళ్ళీ పరుగు.

“ఓలే, ఆపితే పరిగెడతంది, ఏత్తే నడుత్తంది! ఇది మీటరా, ఒద్దన్నదే సేసే మా అక్కా?” అని మెట్ల మీద నుంచే అరిచాడు.

గానుగలో అతను గరిటె ఎత్తితే నురగ తగ్గేది, దించితే పొంగేది. ఆ రెండుసార్లు తప్ప ముప్పై ఏళ్ళలో ఏ పెనమూ అతనికి తిరగబడలేదు. ఈ జానెడు మీటరు మాత్రం అతనికి తెలిసినదాన్నంతా తలకిందులు చేసి ఆడిస్తోంది.

నెల ముగిసింది. బిల్లు వచ్చింది. నూట నలభై ఆరు. తగ్గలేదు సరికదా, ఆరు యూనిట్లు పెరిగింది.

మాటంటే మాటే. మర్నాడు మధ్యాహ్నం ఫ్రిజ్జుని తీసుకెళ్ళడానికి కశింకోట నుంచి అయ్యప్ప అనే ఆటో డ్రైవరు తన ట్రాలీ ఆటో తెచ్చి వీధిలో ఆపాడు. రోజలిన్ ఏడవలేదు, తిట్టలేదు. ఫ్రిజ్జు ఖాళీ చేసి, లోపలంతా తడిబట్టతో తుడిచింది. దారిలో గీతలు పడకుండా దానికి చుట్టాలని పెద్ద రగ్గొకటి పొద్దున్నే ఉతికింది. ఇంకా తడి ఆరలేదని తీసుకెళ్ళి బాల్కనీ గ్రిల్లు మీద, పలకలు రెండూ కప్పుకుపోయేలా పరిచింది.

కింద హనోకు అలవాటు కొద్దీ మీటరు వంక చూశాడు. దీపం ఆరిపోయింది.

“ఓలే రోజలీనూ! ఏటి సేసేవు?”

“ఏటీ సెయ్యలేదు. రగ్గు ఆరేసేను.”

“తియ్యి దాన్ని!”

“తీసేను!”

దీపం పరుగందుకుంది.

“ఎయ్యి!”

“ఏసేను! ఏటయ్యా నీకు మతి గానీ పోయిందా?”

దీపం ఆగింది. తియ్యి, ఎయ్యి, తియ్యి, ఎయ్యి. అయ్యప్ప హారన్ కొడుతున్నాడు. ఆ కేకలకి పైడితల్లి తలుపు తీసుకుని వచ్చాడు. కోపం మర్చిపోయి మీటరు చూశాడు, మెడ ఎత్తి బాల్కనీ చూశాడు, ఆ తర్వాత హనోకుని చూశాడు.

“ప్లగ్గులో గుచ్చీసేడా మీ బావమరిది? పర్మిషన్ లేకుండా?”

“ఆ.”

“నువ్వేమో పగలంతా అన్నీ ఆపీసేవు?”

“ఊరతాదని...”

పైడితల్లి మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకి తుమ్మపాలలో చెరకు తోటలు ఊగాయంటారు. నవ్వు ఆగాక చెప్పాడు. “తీగల్లో కరెంటు ఊరదురా అల్లుడూ. ఇంట్లో వాడుకుంటే సరే, లేకపోతే ఈదిలోకి పోతాది. ఇది పాత మీటరు. లోనికొత్తందా బయటికి పోతందా దీనికి తెలీదు. ఎటు పోయినా వాడినట్టే లెక్కెడతాది. నువ్వు ఎంత ఆపితే అంత బయటికి పోయింది, అంతా నీ పేర్న రాసీసింది.”

“మరి కరెంటు పోయిన రోజున ఫ్యానెందుకు తిరగలేదు?”

“లైను సచ్చిపోతే ఆ పెట్టె కూడా ఆగిపోవాల. లేకపోతే లైను బాగుసెయ్యడానికి స్తంభం ఎక్కినోడు నీ ఎండ తగిలి సత్తాడు. అలగ పెట్టేరు దాన్ని.”

స్తంభం మీద ముప్పై ఐదేళ్ళు గడిపిన మనిషి ఆ మాట అనేసరికి హనోకు మెడ ఎత్తి వీధి స్తంభం వంక చూశాడు.

“పేరుకి ఆరొందల వాట్లు. ఇలాగ గోడకి నిలువునా ఏలాడదీసి, గ్రిల్లు నీడా మీ చీరల నీడా పోతే, మూడొందలొత్తే గొప్ప, అదీ మధ్యాన్నం పూట” అన్నాడు పైడితల్లి లేస్తూ. “ముందా ప్లగ్గు పీకు. ఆఫీసుకెళ్ళి అర్జీ ఎట్టు. రెండు దిక్కులూ లెక్కెట్టే మీటరొచ్చేక పెట్టుకుందువు గాని.”

వీధిలోంచి అయ్యప్ప కేకేశాడు. “ఫ్రిజ్జు దింపుతారా లేదా?”

రోజలిన్ పైమెట్టు మీద తడిరగ్గు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. బిల్లు పెరిగిన మాట నిజం. మాట ఇచ్చిన మాటా నిజం. హనోకు మెట్లెక్కి భార్య చేతిలోంచి రగ్గు తీసుకుని, బట్టల తాడు మీద ఆరేశాడు.

“అయ్యప్పా, ఎల్లిపో. వంట నేను సెడగొట్టేను. కూలి నాకు రాదు” అన్నాడు.

అయ్యప్పకి ఏమీ అర్థం కాలేదు. రోజలిన్‌కి అర్థమైంది. ఖాళీ ఫ్రిజ్జులోకి పిండి గిన్నెలు ఒక్కొక్కటే తిరిగి పెట్టింది.

వర్షాకాలం వెళ్ళాక కొత్త మీటరు వచ్చింది. ఇప్పుడు రోజలిన్ సాయంత్రం రుబ్బడం మానేసి, ఎండ పలకల మీద ఉన్నప్పుడే, మధ్యాహ్నం మూడింటికి గ్రైండర్ వేస్తుంది. మానేసిన నాలుగిళ్ళలో మూడిళ్ళ వాళ్ళు తిరిగొచ్చారు. ఊరికంతటికీ వెలుగు పంచిన మహానుభావుడని ఎవరైనా హనోకుని పొగిడితే, అతను చేతిలో అట్టు ముక్క పళ్ళెంలో పెట్టి ఇంతే అంటాడు:

“ఊరికి నేనేటీ పంచలేదు. ఆ పలకలకి మా ఫ్రిజ్జూ ఓ ఫ్యానూ తిరుగుతాయి, అదీ ఎండుంటే. పగలు ఫ్రిజ్జు ఆపీసేను. ఇప్పుడు ఆపటం లేదు.”