నా నక్షాలో గడప లేదు

నాకూ గడపకూ పగ. మా వైపు దాన్ని కడప అంటారు. ఏ పేరుతో పిలిచినా ఎత్తు మాత్రం నాలుగంగుళాలు. కొత్తూరు దగ్గర హైవే మీద ఒక లారీ నా స్కూటీని తాకినప్పటి నుంచి నడుము కింద నాకేమీ కదలదు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి నాలుగంగుళాలంటే గోడే. శంషాబాద్‌లో మేం కిరాయికున్న ఇంటికి ఆ గడప చాలదన్నట్టు ముందర మూడు మెట్లు కూడా ఉండేవి. మా ఆయన ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. ఆయన ఇంట్లో ఉంటే నన్ను ఎత్తి బయట కూర్చోబెట్టేవాడు. లేకపోతే ఆ పూటకు నా లోకం టీవీ దాకానే.

ఎత్తడంలో ఆయనకు ఏనాడూ విసుగు లేదు. విసుగంతా నాకే. పెళ్లయిన కొత్తలో ఎత్తుకుంటే సిగ్గుపడ్డాను. ఇప్పుడు బియ్యం మూటలా భుజానికెత్తుకుంటుంటే ఒళ్లు మండేది. వీధిలో వాళ్లు చూసి "పాపం" అనేవాళ్లు. ఆ మాట వింటే ఇంకా మండేది.

ఒకరోజు పొద్దున వీధిలోకి కూరగాయల బండి వచ్చింది. మా అత్తమ్మ ఊళ్లో లేదు, మా ఆయన ఎయిర్‌పోర్టులో ఉన్నాడు. నేను గడప ఇవతల నుంచి గొంతు చించుకుని వంకాయలు కావాలన్నాను. బండి ఆయన తనకు తోచినవి ఏరి, లోపలికి వచ్చి పెట్టిపోయాడు. కోస్తే సగం పుచ్చులు. కత్తి పక్కన పెట్టి ఏడ్చాను. వంకాయల కోసం కాదు. నా ఇంటి ముందుకు వచ్చిన బండి దగ్గరికి పోయి, నా చేత్తో నేను ఏరుకోలేకపోయినందుకు.

ఆ సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాను.

"ప్లాట్ల ఇల్లు కడదాం. నేను ఎవ్వరు మోయకుండ లోపటికి పోవాలె, బయటికి రావాలె. గంతే. ఇంకేం అడగ."

షాద్‌నగర్ పోయే దారిలో మా మామ బతికున్నప్పుడు కొన్న ప్లాటు ఒకటి ఉంది. చాలాకాలంగా అక్కడ పిచ్చిచెట్లు తప్ప ఏమీ మొలవలేదు. మా ఆయన నా ముఖంలోకి చూసి, కాదంటే ఏమవుతుందో అర్థం చేసుకున్నట్టున్నాడు. సరేనన్నాడు.

దెబ్బ తగలకముందు నేను కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ పని చేసేదాన్ని. కాళ్లు పోయాయి కానీ వేళ్లు ఉన్నాయి కదా. ఇంటి నక్షాలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరికితే పాత ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. గోడ గీస్తే గోడ లేస్తుంది. తలుపు లాగి పెడితే గోడకు కన్నం దానంతటదే పడుతుంది. ఇంకా బోరు కూడా వేయని ప్లాటుకు నేను పడకగదిలో మంచం ఎటు వేయాలో చూస్తుంటే మా ఆయన వెనక నిలబడి నవ్వాడు.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం."

"సోమలింగం రానీ, ఆయనకు గూడ ఒక రూం గీస్త," అన్నాను.

ఆ సాఫ్ట్‌వేర్‌లో సామాన్ల పెట్టె ఒకటి ఉంటుంది. అందులో ఈతకొలను ఉంది, చలి కాచుకునే పొయ్యి ఉంది, పియానో ఉంది. మన ఇళ్లలో ఉండే తులసికోట లేదు, దేవుడి అర్ర లేదు, గడప లేదు. మొదటి రెండూ లేనందుకు దాన్ని తిట్టుకున్నాను. మూడోది లేనందుకు దండం పెట్టాను. అందులో తలుపు అంటే ఒక కన్నం. ఇటు నేల, అటు నేల, మధ్యలో ఏమీ లేదు. అంత అందమైన తలుపు నేను అంతకుముందు చూడలేదు.

నా కుర్చీ గుండ్రంగా తిరగడానికి ఎంత చోటు కావాలో మా ఆయన చేత టేపుతో కొలిపించాను. ఆ కొలతతో ఒక వృత్తం గీసి గది గదికీ జరుపుకుంటూ పోయాను. అది ఎక్కడ గోడకు తగిలితే అక్కడ గోడ జరిగింది. బాత్‌రూం కోసం పడకగది తగ్గింది. వంటింటి కోసం హాలు తగ్గింది. సోఫా పోయింది. వచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు, నేను కూర్చోవడం లేదా?

అందులో ఇంకో వింత ఉంది. గీసిన ఇంట్లోకి మనం దిగి తిరిగి చూడవచ్చు. మొదటిసారి తిరిగినప్పుడు అంతా బాగుందనిపించింది, కానీ ఏదో తేడా. ఎంతసేపటికో తెలిసింది. ఆ సాఫ్ట్‌వేర్ నన్ను నిలబడ్డ మగమనిషి కళ్లతో తిప్పుతోంది. కంటి ఎత్తు మార్చే చోటు వెతికి, నేను కుర్చీలో కూర్చుంటే నా కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో ఆ అంకె వేశాను. ఇల్లంతా ఒక్కసారి పెరిగిపోయింది. వంటగట్టు నా గడ్డం దగ్గరికి వచ్చింది. స్విచ్చులు తల మీదికి పోయాయి. కిటికీలోంచి ఆకాశం తప్ప వీధి కనిపించలేదు. అంటే అందరి ఇళ్లూ నిలబడేవాళ్ల కోసమే కట్టారన్నమాట. చెప్పలేనంత కోపం వచ్చింది. కూర్చుని ఒక్కొక్కటే కిందికి దించాను, గట్టు, స్విచ్చులు, కిటికీ, అద్దం. వీధి కనిపించేదాకా కిటికీని వదల్లేదు.

ఇక మేస్త్రీతో యుద్ధం. ఆయన చుట్టుపక్కల సగం కాలనీని కట్టినవాడు, మంచివాడే, కానీ తన అలవాటుకు మించిన వేదం లేదు. ల్యాప్‌టాప్‌లో నా ఇల్లు చూసి తల గోక్కున్నాడు.

"అక్కా, బేస్మెంట్ మూడు ఫీట్లు లేపాలె. రోడ్డు మీద రోడ్డు ఏసుకుంట పోతరు. రేపు నీ ఇల్లు గుంతల పడ్తది. వానొస్తే నీళ్లన్ని లోపటికే."

అబద్ధం కాదు. మేం కిరాయికున్న వీధిలో పాత ఇళ్లలోకి మెట్లు దిగి వెళ్లాలి. కానీ ర్యాంపుకు ఒక లెక్క ఉంది. ఒక అడుగు ఎక్కాలంటే పన్నెండు అడుగుల వాలు కావాలి. లేకపోతే నేను చేతులతో తోసుకోలేను, వెనక్కి జారతాను. మూడడుగులకు ర్యాంపు గీస్తే అది గేటు దాటి, ఎదురింటివాళ్ల బోరు దాకా పోయింది. మేస్త్రీ దాన్ని చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"అడుగున్నర," అన్నాను.

"మూడు."

"అడుగున్నర. ఇంటి సుట్టు నీళ్లు పోయే కాల్వ తియ్యి. దర్వాజ ముంగట కాల్వ మీద ఇనుప జాలీ పెట్టు. నక్షాల గీసిన సూడు."

"ర్యాంపు యాడ పెడ్తవక్కా? కారు పెట్టే జాగ తప్ప ఇగ జాగే లేదు."

నేను మా ఆయన వైపు చూశాను. కారంటే ఆయనకు ప్రాణం. అమావాస్యకు అమావాస్యకు దానికి నిమ్మకాయ కడతాడు, కొత్త ఇంట్లో కారుకు రేకుల షెడ్డు వేస్తానని ఏడాదిగా కలలు కంటున్నాడు. విమానం ఒకటి మా నెత్తి మీదుగా దిగుతోంది. ఇక్కడ విమానం పోయేదాకా ఎవరూ మాట్లాడరు, ఆగి మళ్లీ అందుకుంటారు. ఆ చప్పుడు పోయాక ఆయన అన్నాడు.

"కారు గల్లీల పండుకుంటది తియ్యి. దానికేం మాయరోగం."

అలా బేస్‌మెంట్ అడుగున్నరకు దిగింది. గెలిచాననుకున్నాను. అసలు యుద్ధం దర్వాజ దగ్గర ఉందని తెలియదు.

మా దిక్కు ఇంటికి దర్వాజ నిలబెట్టడమంటే చిన్న పండగే. ముహూర్తం చూస్తారు, చుట్టాలను పిలుస్తారు, చౌకట్టుకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. చౌకట్టంటే తలుపు చట్రం, పక్కల రెండు కొయ్యలు, పైన ఒకటి, కింద ఒకటి. ఆ కిందిదే గడప. షాద్‌నగర్‌లో వడ్రంగం చేసే పెద్ద వడ్లాయనకు నేను ముందే చెప్పాను. నాకు మూడు కొయ్యల దర్వాజే కావాలి, కింది కొయ్య వద్దు. ఆయన సరే బిడ్డా అన్నాడు. నక్షా ప్రింటు తీసి చేతిలో పెట్టాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ముహూర్తం నాడు చౌకట్టు ఆటోలో వచ్చింది. నాలుగు కొయ్యలు. గడప కూడా ఉంది, మంచి టేకుది, అంచుకు పూలు చెక్కి మరీ.

"ఏంది పెద్దయ్యా ఇది?"

వడ్లాయన నేల చూపులు చూశాడు. "లోపటి దర్వాజలన్నిటికి మూడే చేసిన బిడ్డా. సింహద్వారంకు మాత్రం చెయ్యి రాలే. నా జన్మల కడప లేని దర్వాజ చెయ్యలే. మంచిగుండదు."

చుట్టాలంతా వచ్చి ఉన్నారు. మా అత్తమ్మ పసుపు గిన్నె పట్టుకుని నిలబడింది. గడప ఆనబోయే చోట మేస్త్రీ అప్పటికే ఒక వరుస ఇటుకలు పేర్చి పెట్టాడు, దాని మీద చౌకట్టు నిలబెడితే గడప నేలకు పైన చక్కగా తేలుతుంది. అంటే ఇద్దరూ మాట్లాడుకునే చేశారు. ఇల్లు నాది, నక్షా నాది, ఆఖరికి నన్ను తప్ప అందరినీ అడిగి నా దారికి అడ్డం కట్టారు.

"ఇది నిలవెట్టద్దు," అన్నాను.

"ముహూర్తం పోతది," అన్నారు ఎవరో.

"పోనీ."

అత్తమ్మ ముందుకు వచ్చింది. "కడప లేని ఇల్లు ఇల్లెట్లయితదే? లచ్మి యాడ నిలవడ్తది?"

"నేను యాడ నిలవడ్డనో అడిగినవా అత్తమ్మా? నువ్వు ఊరికి పోయిన్నాడు లోపట్నే ఉన్న. కడపకు పసుపు రాసిండ్రు, నన్ను మాత్రం దాటనియ్యలే. లచ్మి లోపటికి రావాలె గని ఇంటి ఆడిది బయటికి పోవద్దా?"

   నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, నా దర్వాజకు మూడే కొయ్యలు అనుకుంటూ ల్యాప్‌టాప్ తెరిచాను. మూడు కొయ్యల బొమ్మ చూపించి వాళ్ల నోళ్లు మూయించాలని. చూస్తూ చూస్తూ వేరే ఆలోచన వచ్చింది. గడపంత కొయ్యను ఒక పెట్టెలా గీసి తలుపు కింద పెట్టాను. అది నేలకు ఎంత పైన ఉందో ఆ అంకె తగ్గిస్తూ పోయాను. రేపు నేలకు పరిచే తాండూరు బండలు, వాటి కింద పోసే సిమెంటు మాలు కలిపి దాదాపు గడప మందమంతే. ఆ ఇటుకల వరుస తీసేస్తే గడప సరిగ్గా బండల మట్టానికి వచ్చి కూర్చుంటుంది. ఉంటుంది, కానీ అడ్డం ఉండదు.

మేస్త్రీకి తెర చూపించాను. "ఇటుకలు తియ్యి."

చూశాడు. వేలితో గాలిలో కొలుచుకున్నాడు. "తీస్తగని, దర్వాజ పొట్టిగైతది అక్కా. పొడుగాటోళ్లు ఒస్తె తల కొట్టుకుంటది."

"వంగి రమ్మను. ఇన్నేండ్లు మీ ఇండ్లల్లకు నన్ను మోసుకుంట ఒచ్చిండ్రు గద. నా ఇంట్లకు జర వంగి ఒస్తె ఏం పోదు."

వడ్లాయనే ముందు వంగి ఇటుక తీశాడు. అత్తమ్మకు మాత్రం ఇంకా మింగుడు పడలేదు. "కడపను తొక్కద్దంటరు. గిట్ల పెడ్తె అందరు తొక్కుకుంటనే పోతరు."

"కాళ్లున్నోళ్లు దాటుకుంట పోండ్రి. నేను తొక్కుతా."

అత్తమ్మ నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "కాళ్లు పోయినా పొగరు పోలే," అంది. అని, కింద కూర్చుని, నేల మట్టానికి దిగిన గడపకు పసుపు రాయడం మొదలుపెట్టింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. కట్టి చూశాను. గృహప్రవేశం నాడు గడప మీద పసుపు ఇంకా తడిగా ఉంది. మా ఆయన అలవాటుగా కుర్చీ వెనక చేతులు వేశాడు. తీసెయ్యమన్నాను. ర్యాంపు మీద నేనే తోసుకుంటూ వచ్చాను. చేతులు నొప్పి పుట్టాయి, ఊపిరి ఎగిసింది, ఎవరో అయ్యో అంటున్నారు, నేను ఆగలేదు. పైన గుమ్మంలో ఉన్న పూజారి అయ్యగారు ఎప్పటి మాటే అనేశారు.

"కుడికాలు ముందు పెట్టి రా తల్లీ."

అన్నాక నాలుక కరుచుకున్నారు.

"నాకు కుడి, ఎడమ రెండు ఒక్కసారే వస్తయి అయ్యగారూ," అన్నాను. అని గడప మీది నుంచి పోయాను. ఏ కుదుపూ లేదు. హాలు దాటి, నా ఎత్తుకు కట్టిన వంటగట్టు దగ్గరికి పోయి, పాలు నేనే పొంగించాను.

వెనక్కి తిరిగి చూస్తే, కొత్త బండల మీద గడప నుంచి పొయ్యి దాకా రెండు పసుపు గీతలు. మా ఆడబిడ్డ అయ్యో అంటూ బట్ట తడిపి తెచ్చింది. తుడవద్దని గట్టిగా అనబోయాను, పోట్లాటకు నోరు తెరిచాను కూడా.

"ఉండనియ్యవే," అంది అత్తమ్మ. "అవి మా కోడలి అడుగులు."

తెరిచిన నోరు మూసుకుని, పొయ్యి మీది పాలు దించాను.

సాయంత్రం చుట్టాలు వెళ్లిపోయారు. అత్తమ్మ నడుము వాల్చింది, మా ఆయన కారు తుడుచుకుంటున్నాడు. నేను తలుపు దాటి, ర్యాంపు దిగి, గేటు దాకా పోయి వీధిని కాసేపు చూసి, తిరిగి లోపలికి వచ్చాను. పనేమీ లేదు. ఎవర్నీ అడగనూ లేదు.