బీరువా బాబాయి గ్లాసు

మూడో అంతస్తుకి బీరువా ఎక్కించాలంటే బీరువా బాబాయిని పిలవాల్సిందే. గుమ్మాన్ని జానతో కొలిచి "పడుతుంది" అన్నాడంటే పట్టి తీరుతుంది. మూడు నెలలుగా మాత్రం బరువు దించగానే దగ్గు తన్నుకొచ్చి, ఎర్ర తువ్వాల్లో నెత్తురు పడుతోంది. క్షయేనని తనంతట తానే తేల్చేసుకుని ఇంట్లో గ్లాసు వేరు పెట్టుకున్నాడు. రోజూ భార్య సగం తాగి ఇచ్చే టీ కూడా మానేశాడు. ఒకరోజు ఆమె ఆ తువ్వాలు నానబెట్టిన బకెట్ తెచ్చి, ఎర్రబారిన నీళ్లు చూపిస్తూ ముందు పెట్టింది.

"రంగు పోతోందే," అన్నాడు.

"మూడేళ్లుగా పోని రంగు ఇప్పుడు పోతుందా? పద ఆస్పత్రికి!"

కఫం పరీక్షలో క్షయ లేదు. డాక్టరమ్మ గుండె స్కానింగ్ చూపించింది. "లోపల ఒక కవాటం ఇరుకైంది. బరువు మోసినప్పుడు రక్తం ముందుకు పోలేక ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతోంది."

బాబాయి మొహం విప్పారింది. "ఇరుకు గుమ్మమా! తలుపు ఊడదీస్తే సరి కదమ్మా?"

"ఊడదియ్యక్కర్లేదు, బెలూన్‌తో వెడల్పు చేస్తాం. అందాకా బరువులు ముట్టుకోవద్దు."

బయట టీకొట్టు దగ్గర భార్య సగం తాగిన గ్లాసు లాక్కుని ఊదుకుంటూ తాగాడు.

"నీ గ్లాసేదీ?" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

"ఇదే."